బేస్తారం రేడియోల తప్పిపోయిన పటాలం

మా ఊరి పంచాయతి ఆఫీసుకు రేడియో వచ్చిన ఏడే చైనాతోని లడాయి కూడ వచ్చింది. అచ్చంపేట దాటి, నల్లమల మొదలయ్యే కాడ ఉండె మా ఊరు. కరెంటు లేదు. రేడియో బ్యాటరీ మీద నడిచేది. దాన్ని ఇనుప జాలీ అల్మారిల పెట్టి తాళమేసి, తాళంచెయ్యి మొలతాడుకు కట్టుకొని తిరిగేటోడు కారోబార్ సారు. పంచాయతి రాతకోతలు చూసే మనిషి ఆయన. పొద్దుగూకే యాళ్లకు వచ్చి తాళం తీసేటోడు. బయట యాపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకర్ భోంగలకెళ్లి ముందు గరగర వచ్చేది, ఆ తర్వాత మనిషి గొంతు వచ్చేది. ఊరోళ్లకు అది సంబురం. నాకు మాత్రం ఆ గరగర వినంగనే లేసి ఇంటికి ఉరుకాలనిపించేది.

ఎందుకంటే మా ఆయన పటాలంల ఉన్నడు.

పెండ్లికి ముందు ఆయన అడవిల నరుకుడు కూపులల్ల వెదురు కొట్టేటోడు. పాలమూరుల సిపాయిలను భర్తీ చేస్తున్నరని ఎవరో చెప్తే దోస్తులతోని పోయిండు. ఛాతి కొలిచి, ఉరికిచ్చి చూసి, తీసుకున్నరట. సెలవు మీద వచ్చినప్పుడు మా పెండ్లయింది. నేను ఆయనతోని కలిసి ఉన్నది ఆ ఒక్క సెలవే. మనిషి గురించి నాకు తెలిసింది బహు తక్కువ. జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ కారం ఇష్టం. మాట మొదలుపెట్టే ముందు చిన్నగ దగ్గుతడు. నేను ఏడో తరగతి చదివిన్నని తెలిసి, "నువ్వే కార్డు రాయాలె, అమ్మకు రాదు" అన్నడు. గంతే. అంత కొంచెమే తెలిసిన మనిషి కోసం నేను రోజంత భయపడుకుంట బతికిన.

ఇంట్ల నేను, అత్తమ్మ ఇద్దరమే. మామ నా పెండ్లికి ముందే పోయిండు. అత్తమ్మకు ఈయన ఒక్కడే కొడుకు.

దసరాకు ముందు ఆయన దగ్గరికెళ్లి ఒక కార్డు వచ్చింది. చలి ఎక్కువున్నది, ఇంకా పైకి పోతున్నం అని రాసిండు. పైకి అంటే యాడికో మాకు తెల్వది. ఆ వెనుక రేడియోల లడాయి అన్నరు. అప్పటికెళ్లి కార్డు లేదు. లడాయి ఆగిందన్నరు, అప్పుడు గూడ రాలేదు. టపా మనిషి మా వాకిలి ముంగటికెళ్లి సైకిల్ తొక్కేటప్పుడు తలకాయ అవతలికి తిప్పుకునేటోడు. ఆయన మా దిక్కు చూడకపోతే భయమయ్యేది. ఎప్పుడన్న చూస్తే, అయ్యో ఆగుతడేమో అని ఇంకా భయమయ్యేది.

ఆ చలికాలంలనే రేడియోల ఒక నాటిక మొదలైంది. వారం వారం, బేస్తారం అంటె గురువారం నాడు. వెనుకటి పెద్ద లడాయిల, బర్మా అడవిల దారితప్పిన ఒక సిపాయిల దండు కథ అది. వాన పడే చప్పుడు, పురుగులు కూసే చప్పుడు, బురదల బూట్లు ఈడ్చుకుంట నడిచే చప్పుడు. మేము అడవి అంచున పుట్టి పెరిగినోళ్లం, చెవులతోనే అడవిని గుర్తుపట్టేటోళ్లం. ఆ భోంగలకెళ్లి అడవి బయటికి వచ్చి మా నడుమ కూసున్నట్టుండె.

నాటికల అఫ్సర్లు, సిపాయిలు అందరు పుస్తకాల భాష మాట్లాడేటోళ్లు. ఒక్క సిపాయి మాత్రం మనోడు. "జర ఆగుండ్రి సార్, ఈడ ఎవరో నడిచిన ఆనవాళ్లు కనబడుతున్నయి" అన్నడు. రేడియోల మన మాట వినబడంగనే జనం ఘొల్లున నవ్విండ్రు. అప్పట్ల రేడియోల మన మాట వస్తే నవ్వెటందుకే వచ్చేది. అత్తమ్మ నవ్వలే. నా మణికట్టు పట్టుకున్నది. గాజులు నా చర్మంలకు దిగేటంత గట్టిగ పట్టుకున్నది.

"వాడే పిల్లా."

"ఎవరు అత్తమ్మా?"

"గొంతు వినలేదా? దగ్గి మాట్లాడిండు, విన్నవా లేదా?"

విన్న. ఆ సిపాయి మాటకు ముందు చిన్నగ దగ్గిండు. గొంతు గూడ అదే తీరున్నది. అయినా నేను చదువుకున్నదాన్ని, నాటిక అంటే ఏందో తెలిసినదాన్ని. "అది నాటకం అత్తమ్మా, పట్నంల కూసొని ఎవరో చదువుతరు" అని చెప్పిన.

కారోబార్ సారు గూడ చెప్పిండు. "పెద్దమ్మా, గది వెనుకటి లడాయి. నీ కొడుకు అప్పుడు పాలు తాగే పోరగాడు."

"లడాయి ఏదైతేంది? గొంతు నా కొడుకుది" అన్నది అత్తమ్మ.

ఆ తర్వాత బేస్తారం వస్తుందంటేనే మా ఇంట్ల ఏ పని ముంగటికి పోయేది కాదు. అత్తమ్మ పొద్దటికెళ్లి ఉపాసం ఉండేది. ఎవరితోని మాట్లాడేది కాదు. సందెకాడ అందరికంటె ముందు పోయి చెట్టు కింద కూసునేది. నాటికల దండు వారం వారం తగ్గుకుంట వస్తున్నది. ఒకడు జ్వరమొచ్చి పోయిండు. ఒకడు వాగు దాటంగ కొట్టుకపోయిండు. ఇంకొకడు ఆకలికి మతి తప్పి, అమ్మను పిలుచుకుంట అడవిలకు ఉరికి పోయిండు. పేరు పేరున పిలిచి హాజరు తీసుకునే అఫ్సరు, బదులు రాని పేరు కాడ ఊకుండేటోడు. ఆ ఊకున్నంతసేపు భోంగల గరగర ఒక్కటే ఉండేది. నాటికల మా సిపాయి పేరు పిలిచి, ఆయన దగ్గి "ఉన్న సార్" అనేదాక అత్తమ్మ ఊపిరి తీసేది కాదు. నిజం చెప్పాల్నంటె నేను గూడ తీయలే.

పగలు నేను మోదుగాకు కోసుకరాను అడవిలకు పోయేదాన్ని. చిన్నప్పటికెళ్లి తిరిగిన అడవే. ఇప్పుడు ఎండుటాకు చప్పుడైనా ఉలిక్కిపడేదాన్ని. బండ చాటున ఎవరో కూసొని ఉన్నరని, కాళ్లు ఈడ్చుకుంట నా ఎంబడి వస్తున్నరని అనిపించేది. ఒకనాడు ఆకు మోపు ఆడనే పడేసి ఉరికి వచ్చిన. ఇంటి ముంగట మా అమ్మ కూసొని ఉన్నది. నన్ను పుట్టింటికి తీసుకపోదామని వచ్చిందట. అత్తమ్మ లోపలికి పోయినంక, నా బొట్టు దిక్కు చూసుకుంట మెల్లగ అన్నది: "ఏ కబురు వచ్చినా నువ్వు మా కాడ ఉంటెనే మంచిది బిడ్డా." ఆ మాట ఏందో నాకు అర్థమయింది. నేను పోలే. నేను ఈడికెళ్లి కదిలితే ఆడ ఆయనకేమన్న అయితదని ఒక భయం పట్టుకున్నది. దానికి మొదలు లేదు, తుద లేదు.

సంక్రాంతి పోయినంక తాలూకాఫీసు జవాను సైకిల్ మీద వచ్చిండు. చేతిల ఒక కాయిదం. ఇంగ్లీషుల ఉన్నది. కారోబార్ సారు దాన్ని మనసుల చదివి, మల్ల చదివి, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"చచ్చిపోయినట్టు రాయలే పెద్దమ్మా" అన్నడు మొదలే. "జాడ తెలుస్తలేదని రాసిండ్రు. వాళ్ల దండు మొత్తమే మంచు గుట్టల్ల తప్పిపోయిందట. ఎవరున్నరో, ఎవరు లేరో సర్కారుకు గూడ తెల్వదు."

నేను ఆ కాయిదం అందుకొని ఇంగ్లీషుల ఆయన పేరు వెతికిన. అత్తమ్మ మాత్రం తల ఊపింది. "నాకు తెలుసు. బేస్తారం బేస్తారం వింటనే ఉన్న గద" అన్నది.

ఆ మాట విన్న కారోబార్ సారు నా దిక్కు చూసిండు. ఈమెకు మతి చెడుతుంది, చూసుకో అన్నట్టుండె ఆ చూపు. నాకు ఆయన గురించి ఒకటి, అత్తమ్మ గురించి ఒకటి, రెండు భయాలైనయి.

ఆ వారమే నాటికల మా సిపాయిని నీళ్లు వెతకను ఒక్కన్ని పంపిండ్రు. "వస్త సార్, ఈడనే ఉండుండ్రి" అని దగ్గుకుంట పోయిండు. చానసేపు పురుగుల చప్పుడు. దూరంకెళ్లి తుపాకి పేలింది. అంతే, మిగిలిన కథ వచ్చే వారం అన్నరు.

జనం లేసి పోయిండ్రు. అత్తమ్మ లేవలే. "పిల్లా, పట్నం పోదాం" అన్నది. "వచ్చే బేస్తారం లోపల పోవాలె. వాళ్లు నా కొడుకును చంపుతరు."

ఎంత చెప్పినా వినలే. నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే నడుచుకుంట పోత అన్నది. ఆమె పోతదని నాకు తెలుసు. ఆమె ఒంటరిగ పోయి పట్నంల తప్పిపోతే, రేపు ఆయన తిరిగొస్తె నేనేం చెప్పాలె? సద్ది కట్టుకొని బయలెల్లినం. బస్సుల పాలమూరుకు, ఆడికెళ్లి రైలుల పట్నానికి. అత్తమ్మ రైలెక్కుడు అదే మొదలు. దారిపొంట కిటికీ కడ్డీ వదలలే. పాలమూరు స్టేషన్ల ఒక సిపాయిని ఇద్దరు మనుషులు కుర్చీల మోసుకపోతున్నరు. కాళ్లకు పాదాల కాడ గుడ్డలు చుట్టి ఉన్నయి, ఆ పాదాలు ఉండాల్సినంత పొడుగు లేవు. నేను అత్తమ్మ తలకాయను నా భుజానికి ఆనిచ్చి, ఆ దిక్కు చూడనియ్యలే.

రేడియో స్టేషన్ గేటు కాడ చౌకీదారు ఆపిండు. "ఏం గావాలె అవ్వా?"

"బర్మా అడవిల సిపాయి" అన్నది అత్తమ్మ.

ఆయన నవ్వలే, తరమలే. మా బట్టలు, మా మొకాలు చూసి, చెట్టు కింద కూసోమన్నడు. పగలు ఆ సిపాయి ఏదో ఆఫీసుల గుమాస్తా అట. నౌకరి అయినంక ఇక్కడికి వస్తడట. మాపటిదాక కూసున్నం. తెచ్చుకున్న రొట్టె విప్పలే.

ఒక సన్నటి మనిషి సైకిల్ దిగిండు. కండ్లద్దాలు, సగం నెరిసిన తల. చౌకీదారు మా దిక్కు చెయ్యి చూపించి ఏదో చెప్పిండు. ఆయన మా కాడికి వచ్చి, చిన్నగ దగ్గి, "ఏమ్మా, నా కోసమేనా?" అన్నడు.

అదే గొంతు. అత్తమ్మ లేసి, ఆయన మొకాన్ని రెండు చేతుల్లకు తీసుకొని, దగ్గరికి గుంజి చూసింది. ఆయన కదలకుండ నిలబడ్డడు. అత్తమ్మ చేతులు మెల్లగ కిందికి జారినయి.

"నువ్వు కాదు" అన్నది.

నేను అంత చెప్పిన. పటాలం, కార్డు, కాయిదం, జాడ లేకపోవుడు. ఆయన మా పక్కన నేల మీదనే కూసున్నడు. మాది గూడ పాలమూరు జిల్లనే అమ్మా, నారాయణపేట దిక్కు, అన్నడు. అత్తమ్మ ఆయన దిక్కు తిరిగి అడిగింది: "బిడ్డా, వచ్చే బేస్తారం నువ్వు చస్తవా?"

ఆయన కండ్లద్దాలు తీసి చేతిల పట్టుకున్నడు.

నాకు ఏం పట్టిందో, ఆయన కాళ్ల మీద పడ్డ. "సార్, మీరు చావొద్దు. ఎట్లనన్న వెనుకకు రాండ్రి. మీకు దండం పెడుత" అన్న. నాటకమని నెలల పొద్దు అత్తమ్మకు చెప్పుకుంట వచ్చింది నేనే. ఆ దినం నా నోటికెళ్లి ఆ మాటలు ఎట్ల వచ్చినయో నాకు తెల్వది.

ఆయన నన్ను లేపి కూసుండవెట్టిండు. "రాసేది నేను కాదు బిడ్డా. రాసిచ్చింది చదువుత. అయినా లోపలికి పోయి అడిగి వస్త" అన్నడు. పోయి వచ్చిండు. మొకం చూస్తెనే తెలిసింది. "ఆ భాగం ముందే పలికి టేపుల పెట్టినం. మార్చరాదు" అన్నడు. అబద్ధం చెప్పి పంపియ్యొచ్చు, పంపలే. మాతోని రైలు స్టేషన్ దాక నడిచి వచ్చి, అత్తమ్మను డబ్బాల ఎక్కిచ్చిండు. "నేను మంచిగనే ఉన్న, చూసినవు గదమ్మా. బేస్తారం నాడు వినొద్దు" అని చెప్పిండు.

మేము విన్నం. నీళ్ల కాడ సిపాయి బోర్లపడి ఉన్నడని, చేతిల నీళ్లు నిండిన సీస ఉన్నదని ఇంకో సిపాయి వచ్చి అఫ్సరుకు చెప్పిండు. అఫ్సరు హాజరు తీసిండు. ఆ పేరు పిలవకుండ దాటి పోయిండు. అత్తమ్మ ఒక్క చుక్క కన్నీరు పెట్టలే. "ఆ పిల్లగాడు పట్నంల సల్లగున్నడు, సైకిల్ తొక్కుతున్నడు. నా కండ్లతోని చూసిన" అని చుట్టుపక్కలోళ్లకు చెప్పింది. ఆమె ఆ దినం రాత్రి కడుపునిండ తిన్నది. పడిపోయింది నేను. పంటి మీద పన్ను పడి, చెట్టు కిందనే ఒరిగిన. నన్ను ఎత్తుకొచ్చిండ్రు. అప్పటికెళ్లి అత్తమ్మ నన్ను కాపాడింది. నేను ఉలిక్కిపడి లేస్తే, "నేనున్న, పండుకో" అని వీపు మీద చెయ్యి పెట్టేది.

ఎండాకాలం నడుమ ఇంకో కాయిదం వచ్చింది. మా ఆయన చైనోళ్ల చెరల ఉన్నడని, విడిచిపెట్టిండ్రని, దవాఖానల ఉన్నడని. మామిడికాయలు అయిపోయే రోజుల్ల ఆయన కట్టె పట్టుకొని ఊర్లకు వచ్చిండు. ఎడమ కాలుకు వేళ్లు లేవు. ఊరంత వచ్చింది. అత్తమ్మ దిష్టి తీసింది. నేను మాత్రం తలుపు చాటుననే నిలబడ్డ. ఇంతకాలం ఎవరి కోసం భయపడ్డనో ఆ మనిషిని చూస్తె భయమైంది. వచ్చినాయన గోడకు ఆనుకొని కూసునేటోడు, తలుపు దిక్కే చూసేటోడు. రొట్టె పెడితే సగం తిని సగం అంగిల దాచుకునేటోడు. ఎవరన్న వెనుకకెళ్లి వస్తె చెయ్యెత్తేటోడు. ఒకసారి నా మీదికే ఎత్తిండు. ఎత్తి, నన్ను చూసి, చెయ్యి దించి ఏడ్చిండు.

ఒకనాడు పగటిపూట చింతపండు గింజ కొట్టుకుంట కూసున్నం. ఉన్నట్టుండి చెప్పిండు. దండు మంచుల రెండు తుకడలయింది. వీళ్ల తుకడ వేరే లోయలకు దిగింది. దేవరకొండ దిక్కు పిల్లగాడు ఒకడు ఈయనకు జోడి. ఆ పిల్లగానికి మంచుకు కాళ్లు పోయినయి, నడువలే. ఈయన కొంత దూరం మోసిండు. ఇంక చాతకాలే. బండ చాటున కూసుండవెట్టి, ఉన్న కంబళి కప్పి, అఫ్సరు నడువుండ్రి అంటె నడిచిండు. తెల్లారి వీళ్లను చైనోళ్లు పట్టుకున్నరు.

"వాళ్లమ్మకు జాడ లేదనే కాయిదం పోయి ఉంటది" అన్నడు. "ఆమె ఇంకా ఎదురుచూస్తుంటది."

"పోదాం" అన్న నేను. లేసి సద్ది కట్టుడు మొదలుపెట్టిన.

దేవరకొండ బస్సు దిగి, దారి అడుక్కుంట ఆ ఊరికి పోయినం. ఇల్లు కనబడంగనే ఆయన ఆగిండు. "ఆమె నన్ను అడుగుతది, నా కొడుకును ఇడిసిపెట్టి నువ్వెట్ల వచ్చినవని" అన్నడు. నేను గూడ దానికే భయపడుతున్న. తిడుతదా, మన్ను పోస్తదా, మీద పడి కొడుతదా తెల్వది. ఆయన చెయ్యి పట్టుకున్న.

ఆమె వాకిట్ల జొన్నలు చెరుగుతుండె. ఆయన పటాలం అంగి చూసి చాట కింద పెట్టింది. ఆయన నిలబడే చెప్పిండు, ఏదీ దాచలే. మోసిన దూరం, దించిన బండ, కప్పిన కంబళి. అంత అయినంక ఆమె అడిగింది:

"నువ్వు వచ్చేటప్పుడు వానికి తెలివి ఉన్నదా?"

"ఉన్నది అమ్మా."

"ఏమన్నడు?"

నేను ఆయన దిక్కు చూసిన. ఈ మాట నాకు గూడ చెప్పలే.

"పో, నీ కాళ్లు గూడ పోతయి అన్నడు."

ఆమె కొంగు నోట్లె కుక్కుకొని వంగిపోయింది. పక్కింటోళ్లు ఉరికొచ్చిండ్రు. నేను ఆమెను పట్టుకున్న. చానసేపటికి ఆమె తలెత్తి, మా ఆయన కాళ్ల దిక్కు చూసింది. దగ్గరికి జరిగి, బూటు ఇప్పమన్నది. ఇప్పిండు. వేళ్లు లేని ఆ పాదాన్ని ఒళ్లె పెట్టుకొని, చేతితోని నిమిరింది.

"ఇంకా నొస్తదా బిడ్డా?" అన్నది.

"నొస్తది అమ్మా."

ఆమె లేసి లోపలికి పోయింది. ఆముదం గిన్నె పట్టుకొని వచ్చింది.